బీమా కౌంటరుకొచ్చిన కొలతల పుస్తకం

పంజాగుట్టలోని ఒక పెద్దాసుపత్రిలో బీమా కౌంటరు వెనక ఇరవై రెండేళ్లు కూర్చున్నాను. పోయిన ఏడాది లేచాను. ఇప్పుడు అదే పనిలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొస్తారు. "సార్, ట్రైనింగుల కంప్యూటర్ నేర్పిండ్రు గని పని నేర్పలే" అంటారు. నిజమే, ఆ పని ఎవరూ నేర్పరు. అందుకే ఇది రాస్తున్నాను. నాకు ఎప్పుడు ఏ హోదా వచ్చిందో ఇందులో ఉండదు. ఏ ఫారం ఎక్కడికి పంపాలో మీ ఆఫీసు వాళ్లే చెబుతారు.

పని ఏమిటో ఒక్క మాటలో చెబుతాను. మంచం మీద రోగి ఉంటాడు. ఏం చేయాలో డాక్టరు చెబుతాడు. అందుకయ్యే ఖర్చు తాను భరిస్తానని బీమా కంపెనీ ముందుగా ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకోలు వచ్చేదాకా రోగి ఇంటివాళ్లు మీ ముందు నిలబడతారు, డబ్బంతా మీ సొరుగులోనే ఉన్నట్టు చూస్తారు. అటుపక్క కంపెనీవాళ్లు మీరు దోచుకోవడానికి వచ్చారన్నట్టు మాట్లాడతారు. రెండూ నిజం కాదు. మీరు నిలబడింది మధ్యలో. అక్కడ నిలబడటమే ఉద్యోగం.

అడగడం

మా తాతల నాడు ఊళ్లో మాకు గడి ఉండేది. కోటలాంటి ఇల్లు. మా ఇంటి మగవాళ్లు ఎవరినీ ఏదీ అడిగి ఎరుగరు, ఊరివాళ్ల చేత అడిగించుకున్నారు. అందులో మెచ్చుకోవలసిందేమీ లేదని ఇప్పుడు తెలుసు, అప్పుడు తెలియదు. నా వంతు వచ్చేసరికి గడి లేదు, భూమి లేదు, ఇంటిపేరు మాత్రం ఉంది. ముప్పై ఎనిమిదో ఏట, అమీర్‌పేటలో రెండు గదుల అద్దె ఇంటి నుంచి నడిచివచ్చి ఈ కౌంటరులో కూర్చున్నాను. తీరా చూస్తే ఇక్కడ పనంతా అడగడమే.

మొదటి ఏడాది ఒక బడి మాస్టారు గుండెనొప్పితో వచ్చారు. స్టెంటు వేయాలి. కంపెనీకి ఫోన్ చేశాను. అటునుంచి ఎవరో, "రేపు చూద్దాం లెండి, మీకేం తొందర?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఫోన్ పెట్టేశాను. వాళ్లే మళ్లీ చేయాలి, నేను చేయను అనుకుని మధ్యాహ్నం దాకా బిగుసుకు కూర్చున్నాను. అంతసేపూ మాస్టారు పైన అంతస్తులో పడుకునే ఉన్నారు.

మా పై అధికారి ఖాజా సాబ్ సంగతి తెలుసుకుని వచ్చి నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"రావు సాబ్, మీ ఇజ్జత్ మస్తుగుంది. మాషా అల్లా. గని గా ఇజ్జత్ తోని మాస్టర్ సాబ్ గుండెకు రక్తం పోతదా?"

ఆయన ఫోన్ అందుకుని, అదే మనిషిని పట్టుకుని, వాళ్ల పిల్లల చదువు గురించి కూడా కనుక్కుని, పది నిమిషాల్లో అనుమతి తెప్పించారు. ఫోన్ పెట్టేసి నావైపు తిరిగారు.

"మనం భీక్ మాంగుతలేం భాయ్. మాస్టర్ సాబ్ ప్రీమియం కట్టిండు, ఆయనది ఆయనకు ఇప్పిస్తున్నం. వేరేటోళ్ల హక్కు అడిగేటప్పుడు ఎవ్వని మెడ వంగది. ఫికర్ చెయ్యకుండ్రి."

ఆ రోజు నుంచి ఎన్నిసార్లయినా అడిగాను. కాదన్నవాణ్ణి తెల్లారి మళ్లీ అడిగాను. నా కోసం మాత్రం ఇప్పటికీ అడగలేను. అది వేరే జబ్బు, దానికి పాలసీ లేదు.

చానా ఏండ్ల సంది

మన జనానికి ఒక అలవాటుంది. కొత్తగా చేరినవాళ్లు ముందు దీన్ని తెలుసుకోవాలి. సర్కారు దవాఖానాల వరసల్లో నిలబడి నిలబడి నేర్చుకున్న అలవాటది. అక్కడ డాక్టరు ముందు వందమంది ఉంటారు. నిన్నటి నుంచి నొప్పి అంటే గోలీ రాసి పంపేస్తాడు. ఏళ్ల తరబడి బాధపడుతున్నాం అంటే తలెత్తి చూస్తాడు. కాబట్టి మనవాళ్లు "ఎన్నాళ్ల నుంచి?" అని అడగగానే రోజుల్ని నెలలు, నెలల్ని ఏళ్లు చేసి చెబుతారు. అది అబద్ధమని వాళ్లనుకోరు. మావాణ్ణి జర మంచిగా చూడండి అని బతిమాలడం అనుకుంటారు.

బీమా ఉన్న ఆసుపత్రిలో అదే మాట కత్తిలా తిరగబడుతుంది. పాలసీ తీసుకోకముందే ఉన్న జబ్బుకు చాలా పాలసీల్లో మూడేళ్ల దాకా ఖర్చు ఇవ్వరు. జాలి కోసం చెప్పిన ఏళ్లు కేసు షీటులోకి ఎక్కితే, ఆ కాగితమే రోగికి ఎదురు సాక్ష్యం చెబుతుంది.

ఇది నాకు బాగా తెలుసు. తెలిసీ సుగుణ విషయంలో తప్పు చేశాను.

సుగుణ భర్త వెంకటేశం. వాళ్లది సిరిసిల్ల వైపు నేత కుటుంబం. తండ్రి మగ్గం నేశాడు, కొడుకు అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక సందులో లేడీస్ టైలరు అయ్యాడు. హాస్టలు పిల్లలంతా అతని దగ్గరే కుట్టించుకుంటారు. సుగుణ కౌంటరు చూసుకుంటూ హుక్కులు, కాజాలు కుట్టేది. ఆమె కడుపు వాపుతో మా దగ్గరికొచ్చింది. స్కానింగు చేస్తే అండాశయంలో పెద్ద గడ్డ. క్యాన్సర్ కావచ్చు, వారంలోపు తీసేయాలి అన్నారు సర్జన్ మేడమ్.

వెంకటేశం పాలసీ కాగితాలు చీరల షాపు కవరులో పెట్టుకొచ్చాడు. మడత నలగలేదు.

"ఒక్క దినం సుత ఆలస్యం చెయ్యకుంట కట్టిన సార్. చూడుండ్రి."

చూశాను. పాలసీకి రెండేళ్ల నాలుగు నెలలు. అంతా బాగుంది. ఫారంలో 'వాపు ఎంతకాలంగా' అన్న చోట చిన్న డాక్టరు 'మూడేళ్లు' అని రాసింది. నేను చదివాను. సంతకం చేశాను. పంపాను. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాణ్ణి, ఒక్క క్షణం ఆగి మంచం దాకా వెళ్లి అడగలేదు. ఆ రోజు కౌంటరు ముందు రద్దీగా ఉంది, అంతే. వేరే కారణం లేదు.

మూడో రోజు జవాబు వచ్చింది. జబ్బు పాలసీకంటే ముందుది, కాబట్టి తిరస్కరించడమైనది.

పేజీ చించడం

వెంకటేశం ఆ కాగితం రెండుసార్లు చదివించుకున్నాడు. "మిషిన్లు అమ్ముత. షాపు ఇచ్చేస్త" అన్నాడు. వార్డులో సుగుణకు ఈ మాట చేరింది. ఆమె మంచం దిగి చెప్పులు వెతుక్కుంది.

"షాపు అమ్మి చేపిచ్చే ఆపరేషన్ నాకొద్దు. ఇంటికి పోదాం పా. షాపు లేకుంటె బతికి ఏం కుట్టాలె?"

ఆమె బెదిరించడం లేదు. నిజంగానే వెళ్లిపోయే మనిషి. గడ్డ పగిలితే ఏమవుతుందో సర్జన్ మేడమ్ చెప్పి, ఇంకో రెండు రోజులు ఆగమని ఒప్పించారు. నాకున్నవి ఆ రెండు రోజులే.

మా మేనేజరు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. "ఇంత ఆలోచన ఎందుకు? ఆ పేజీ తీసేసి కొత్తది రాయించండి. మూడేళ్లు తీసి నాలుగు నెలలు. ఎవరికి తెలుస్తుంది?"

నేను కుదరదన్నాను. మా చిన్నతాత భూమి దస్తావేజుల్లో పేజీలు మార్చాడు. మిగిలిన ఆ కొద్ది భూమీ కోర్టులో పోయింది ఆ మార్చిన పేజీ వల్లే. పేజీలు మార్చిన ఇల్లు ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పైగా ఇది తెలివితక్కువ పని కూడా. పాత పేజీ కాపీ అప్పటికే కంపెనీ చేతిలో ఉంది. మీలో ఎవరికైనా ఏదో ఒకరోజు ఇలాంటి సలహా వస్తుంది. మంచి మనసుతోనే వస్తుంది. ఒప్పుకోకండి. ఒకసారి దొరికిపోతే ఆ తర్వాత మీరు పంపే ప్రతి నిజమూ అబద్ధంలాగే కనిపిస్తుంది.

మూడు రోజుల క్రితం చేయాల్సిన పని అప్పుడు చేశాను. వార్డుకు వెళ్లి మంచం పక్కన కూర్చున్నాను.

"మూడేళ్లని ఎవరు చెప్పిండ్రమ్మా?"

మంచం కాళ్ల దగ్గర నిలబడ్డ ఒకామె కొంగు సర్దుకుంది. వెంకటేశం అక్క రాజమణి. ఎర్రగడ్డ రైతుబజారు దగ్గర పూలు అమ్ముతుంది.

"నేనే చెప్పిన సార్. గా చిన్న డాక్టరమ్మ కాయితం చూస్కుంటనే అడుగుతున్నది. నాలుగు నెల్లంటె తల సుత ఎత్తదని మూడేండ్లన్న. గప్పుడు ఎత్తింది."

"ఎత్తింది వదినా, ఎత్తింది" అంది సుగుణ. "ఆమె తల ఎత్తింది, నువ్వు నా కొంప ముంచినవ్."

"నీ మంచికే చెప్పిన గదనే!"

"పూలు మూర తక్కువ కొలుస్తవ్, రోగం మూర ఎక్కువ కొలుస్తవ్. గదేం కొలతనే తల్లీ!"

రాజమణి ఏడుస్తూనే ఫక్కున నవ్వింది. పక్క మంచం వాళ్లూ నవ్వారు. వెంకటేశం ఒక్కడే నవ్వలేదు. తల వంచుకుని మెల్లగా అన్నాడు.

"నాలుగు నెల్లే సార్. ఆషాఢంల కొలిస్తె ముప్పై ఏడున్నది."

"ఏది?"

"నడుము సార్. ఎప్పుడు కొలిచినా ముప్పై నాలుగే. గప్పుడు టేపు పెట్టి, 'ఏందే, బోనాల యాట కూర మస్తు తిన్నవా' అని నవ్విన. బుక్కుల రాసిన. డ్రెస్సు కుట్టిన. మళ్ల బతుకమ్మకు కొలిస్తె నలభై ఒకటి. గది సుత రాసిన. ఊరందరి ఒళ్లు కొలుస్త సార్ నేను. ఇంట్ల మనిషి నడుము గంత పెరిగితె సోయి లేకపాయె నాకు."

సుగుణ చెయ్యి చాచి అతని మోచేతి మీద తట్టింది. "ఊకో. లావైనవని మెచ్చుకున్నవనుకున్న నేను."

నా చెవిలో ఒక్క మాటే నిలిచింది.

"బుక్కుల రాసినవా? తేదీతోనా?"

"తేదీ లేకుంటె ఎట్ల సార్? హాస్టల్ పిల్లలు కొట్లాడరా?"

పుస్తకాలు

గంటలో బట్టల సంచి నిండా రిజిస్టర్లు తెచ్చాడు. పొడుగాటి పుస్తకాలు. ఒక్కో ఆర్డరుకు ఇచ్చిన తేదీ, ఇవ్వాల్సిన తేదీ, కొలతలు, పక్కన అదే గుడ్డ నుంచి కత్తిరించిన చిన్న ముక్క పిన్నుతో గుచ్చి ఉంది. మూడేళ్ల అమీర్‌పేట అంతా ఆ పేజీల్లో రంగురంగులుగా ఉంది. మధ్యమధ్యలో, ఉగాదికి ఒకసారి, బతుకమ్మకు ఒకసారి, ఎవరిదైనా పెళ్లికి ఒకసారి, సుగుణ కొలతలు. నడుము ముప్పై నాలుగు, ముప్పై నాలుగు, ఒకసారి జ్వరం వచ్చి తగ్గాక ముప్పై మూడున్నర, మళ్లీ ముప్పై నాలుగు. చివర ఆ ముప్పై ఏడు. ఆ తర్వాత నలభై ఒకటి.

సర్జన్ మేడమ్‌కు చూపించాను. ఆవిడ ముందు నవ్వారు. తర్వాత కళ్లజోడు పెట్టుకుని స్కానింగు పక్కన పెట్టి చూశారు. నాలుగు నెలల్లో ఇంత పెరిగే గడ్డలు ఉంటాయనీ, ఈ కొలతలు స్కానింగుతో సరిపోతున్నాయనీ ఉత్తరం రాసిచ్చారు. చిన్న డాక్టరు పాత రాతను కొట్టేయలేదు. దాని కింద ఆ రోజు తేదీ వేసి, బంధువు పొరపాటున చెప్పిందనీ, రోగిని తిరిగి అడిగి తెలుసుకున్నాననీ రాసి సంతకం చేసింది. పొరపాటును సరిదిద్దే పద్ధతి అదే. దాచకూడదు, దాని కిందే నిలబడాలి.

సంచి భుజానికి వేసుకుని బేగంపేటలో కంపెనీ ఆఫీసుకు నేనే వెళ్లాను. అక్కడి వైద్యాధికారి కోస్తా వైపు మనిషి, మితభాషి. ఫోన్‌లో చాలాసార్లు వాదించుకున్నాం, మొహం చూసుకోవడం అదే మొదలు.

"ఏంటండీ రావుగారూ, కేసు షీటు అడిగితే కుట్టుపని పుస్తకాలు తెచ్చారు?"

"చూడండి, ఆ తర్వాత అడగండి" అన్నాను.

చూశాడు. మొదట నా కోసం చూశాడు, తర్వాత తన కోసం చూశాడు. గుడ్డముక్కలు తడిమాడు. సుగుణ కొలతలకు ముందూ వెనకా ఉన్న ఆర్డర్ల తేదీలు వరసగా ఉన్నాయో లేదో పేజీ పేజీ తిప్పాడు. అరగంట తర్వాత పుస్తకం మూశాడు.

"దీన్ని కల్పించాలంటే మూడేళ్లు కూర్చుని మిషను తొక్కాలండీ."

నేను లేవబోయాను.

"ఆగండాగండి. ఇందులో ఎక్కడా సుగుణ అన్న పేరు లేదు. 'ఇల్లు' అని ఉంది. ఈ ఇల్లు ఎవరండీ?"

నేనూ అప్పుడే గమనించాను. అక్కడి నుంచే వెంకటేశానికి ఫోన్ చేశాను. స్పీకరు పెట్టాను.

"భార్య పేరు ఎట్ల రాస్త సార్ బుక్కుల? పదిమంది చూసే బుక్కాయె. మా నాయన సుత అమ్మకు తీసిపెట్టిన చీర మీద 'ఇల్లు' అనే రాస్తుండె."

వైద్యాధికారి నవ్వు ఆపుకున్నాడు. ఆపుకుని, "మీ మాట కాదనను. కానీ ఈ కొలతలు ఇంకెవరివో అయితే?" అన్నాడు.

"గెట్లయితయ్ సార్? ఎడమ భుజం చూడుండ్రి. ఎవ్వలకన్న ఉంటదా గట్ల?"

పుస్తకం తెరిచాం. 'ఇల్లు' అని ఉన్న ప్రతిచోటా భుజం కొలత పక్కన చిన్న అక్షరాలతో ఉంది: ఎడమ అర ఇంచు కింద.

టేపు

మర్నాడు పొద్దున వైద్యాధికారి మా వార్డుకు వచ్చాడు. కంపెనీ డాక్టరు రోగి మంచం దాకా రావడం నా ఉద్యోగంలో చాలా అరుదుగా చూశాను. కంపెనీల్లో అందరూ రాతిమనుషులని మీకు చెబుతారు. నమ్మకండి. వాళ్లకూ ఒక కారణం కావాలి, పై వాళ్లకు చూపించడానికి. ఆ కారణం వెతికి వాళ్ల చేతికి ఇవ్వడమే మన పని.

సుగుణ మంచం దిగి నిలబడింది. నర్సమ్మ టేపు పట్టుకుంది. వెంకటేశం ఒక అడుగు దూరంలో నిలబడి ఊరుకోలేకపోయాడు.

"గట్ల కాదమ్మా, మెడ బుడిపె కాడ పెట్టాలె. టేపు గుంజద్దు. ఆ, గట్ల. ఇగ వదులు."

"నువ్వు కుట్టేటోనివా, డాక్టర్‌వా?" అంది సుగుణ.

"నువ్వు కదలకు, అర ఇంచు మారుతది."

భుజం సరిపోయింది. చేతి పొడవు సరిపోయింది. గోడకు వీపు ఆనించి రెండు భుజాల ఎత్తు చూస్తే ఎడమది అర ఇంచు కింద. వైద్యాధికారి వంగి తానే అంకె చదివాడు. నిటారుగా లేచి రాజమణి వైపు చూశాడు.

"మూడేళ్లని చెప్పింది మీరేనా?"

"తప్పయింది సారూ. ఇగ జిందగీల ఏండ్లు చెప్ప. దినాలు సుత లెక్కవెట్టి చెప్త."

మధ్యాహ్నం రెండు గంటలకు అనుమతి వచ్చింది. నేను కాగితం పట్టుకుని మెట్లెక్కి వెళ్లాను, లిఫ్టు కోసం ఆగబుద్ధి కాలేదు. వెంకటేశం కాగితం చూసి, చదవడం రాని వాడిలా నా మొహం వైపు చూశాడు. తలూపాను. అతను వార్డు మధ్యలో నిలబడి, "అయ్యింది! ఇల్లు, అయ్యింది!" అని అరిచాడు. సుగుణ సిగ్గుతో దుప్పటి మొహం మీదికి లాక్కుంది.

తెల్లారి ఆపరేషన్ జరిగింది. గడ్డలో క్యాన్సర్ ఉంది, కానీ పొర దాటలేదు. తర్వాత కొన్ని నెలలు మందులు ఎక్కించారు. ప్రతిసారీ అనుమతి నేనే తెప్పించాను, ప్రతిసారీ మంచం దాకా వెళ్లి అడిగి మరీ ఫారం నింపాను. జుట్టు ఊడిపోతే సుగుణ హాస్టలు పిల్లల గుడ్డముక్కలతో రకరకాల టోపీలు కుట్టుకుంది. వార్డులో మిగతావాళ్లు ఆర్డర్లు ఇచ్చారు. సెలైను ఎక్కుతుండగానే ఆమె తలల కొలతలు రాసుకుంది, పేర్లతో సహా.

బిల్లు

చికిత్స అయిపోయాక ఆ దంపతులు నా కౌంటరుకొచ్చి చొక్కా గుడ్డ ఇవ్వబోయారు. రోగుల దగ్గర ఏమీ తీసుకోను, మీరూ తీసుకోకండి. వద్దన్నాను. సుగుణకు కోపం వచ్చింది.

"ఇచ్చేటోళ్లేనా సార్ మీరు? తీసుకునేటోళ్లు కారా?"

"గుడ్డ నేను కొనుక్కుని వస్తా. కుట్టుకూలి కూడా ఇస్తా. అట్లయితేనే" అన్నాను.

"రాండ్రి. డబుల్ తీసుకుంట" అంది.

ఉద్యోగం మానడానికి ముందు నెలలో వెళ్లాను. సందులో రద్దీ, షాపు నిండా అమ్మాయిలు. సుగుణ కౌంటరు వెనక ముగ్గురితో ఒకేసారి బేరమాడుతోంది. జుట్టు పొట్టిగా, నల్లగా వచ్చింది. వెంకటేశం నన్ను లోపలికి తీసుకెళ్లి, మగవాళ్ల చొక్కా కుట్టక చాలా కాలమైందని చెబుతూనే టేపు మెళ్లోంచి తీశాడు. భుజాలు కొలిచాడు. మళ్లీ కొలిచాడు. తృప్తి పడలేదు.

"సార్, జర వదులుగ నిలబడుండ్రి. గట్ల బిగవట్టుకుంటె కొలత తప్పొస్తది."

వదులుగా నిలబడటానికి ప్రయత్నించాను. నిజంగా ప్రయత్నించాను. అతను టేపు పట్టుకుని ఓపికగా చూస్తున్నాడు. బయటి నుంచి సుగుణ తొంగి చూసింది.

"ఆయన గట్లనే ఉంటరు. గట్లనే కుట్టు" అంది.

చొక్కా సరిగ్గా సరిపోయింది. కూలి డబులే తీసుకుంది.